టేక్ అంటే ‘తీసుకొను’ కాదు, ‘పట్టు’

ఆరో తరగతి పిల్లవాడిని టేక్ అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా ‘తీసుకొను’ అంటాడు. ఆ ఒక్క జవాబే తర్వాత వాడి ఇంగ్లిష్‌నూ తెలుగునూ రెంటినీ చెడగొడుతోంది.

అసలీ మాట ఇంగ్లిష్ వాళ్ల సొంతం కాదు. వాళ్ల పాత క్రియ ‘నిమన్’, జర్మన్ ‘నేమెన్’కు తోబుట్టువు. 9వ శతాబ్దంలో డెన్మార్క్ వైపు నుంచి డేన్లు వచ్చి ఇంగ్లండ్ ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డాక వాళ్ల ‘టాకా’ జనం నోళ్లలో పడింది, క్రమంగా నిమన్‌ను నెట్టేసింది. టాకాకు తొలి అర్థం తాకడం, చేత్తో పట్టుకోవడం. మన ‘పట్టు’ కూడా చేతిలోనే పుట్టి, అదే దారిలో కాలం మీదికి వెళ్లింది: ‘రెండు గంటలు పట్టింది’. అక్కడ ‘తీసుకుంది’ అని పెట్టి చూడండి, అతకదు. ఇంకో విశేషం. తిమ్మిరికి ఇంగ్లిష్ వాళ్లు వాడే ‘నమ్’ ఆ పాత నిమన్ బిడ్డే, ‘పట్టుబడిన’ అని దాని అర్థం. మనకూ తిమ్మిరి పడుతుంది!

మొదట్లో ఒక మాటకు ఒక అర్థం చాలని టీచర్లంటారు. ‘టేక్ దిస్ బుక్’ వరకు సరే. కాలం దగ్గరకొచ్చేసరికి పిల్లలు ‘ఇట్ టుక్ టూ అవర్స్ టు మీ’ అని రాస్తారు. మన ‘నాకు’లోని ‘కు’ అక్కడ ‘టు’గా దూరుతుంది. సరైన వరుస ‘ఇట్ టుక్ మీ టూ అవర్స్’: మనిషి ముందు, కాలం తర్వాత, మధ్యలో ఏమీ ఉండదు. ఇది ‘పట్టు’తో కలిపి చెబితే ఒక పూటలో వస్తుంది.

ఇంగ్లిష్ పోతే పోనీ, తెలుగు సంగతేమిటి? పరీక్ష రాస్తాం, మాత్ర వేసుకుంటాం, స్నానం చేస్తాం, ఫోటో తీస్తాం, ప్రమాణం చేస్తాం, ఒక నిర్ణయానికి వస్తాం. ఇంగ్లిష్‌లో ఈ పనులన్నిటికీ టేక్ సరిపోతుంది. మనకు పేరు మారితే క్రియా మారాలి. ఇప్పుడు వార్తల్లో నిర్ణయాలూ చర్యలూ మాత్రలూ అన్నీ ‘తీసుకోవడమే’. ముసురు పట్టడం, చెమట పట్టడం, నిద్ర పట్టడం, బూజు పట్టడం తెలిసిన భాషకు ఇంత పేదరికం ఎందుకు?

పాఠ్యపుస్తకంలో టేక్ పక్కన ముందు ‘పట్టు’ వేయాలి. దాని కింద ఏ నామవాచకానికి తెలుగులో ఏ క్రియ జోడో చూపాలి. అదంతా రాసినా ఒక పేజీకి మించి పట్టదు.