0.05 గారి సముఖమునకు

మహారాజశ్రీ 0.05 గారికి,

వైద్య కళాశాలలో పీజీ విద్యార్థుల థీసిస్‌లకు లెక్కలు సరిచూసిపెట్టే ఒక అధ్యాపకుడు సవినయంగా రాసుకొను విన్నపము. నా గది తలుపు తట్టే పిల్లలెవరూ రోగులకు నయమైందో లేదో చెప్పరు. "సార్, పి వాల్యూ రాలేదు" అంటారు. అంటే, ఫలితాన్ని లోకం ఒప్పుకోవడానికి వారి లెక్క తమకంటే కిందికి దిగాలి, అది దిగలేదని. వాన రాలేదని చెప్పే రైతు గొంతులోని దిగులే వారి గొంతులోనూ ఉంటుంది.

తమ పుట్టుక నిజానికి చాలా సాదాసీదాగా జరిగింది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రొనాల్డ్ ఫిషర్, 1925లో అచ్చయిన తన పుస్తకంలో, ఇరవయ్యింట ఒకటి, అనగా 0.05, అనే హద్దు వాడుకోవడానికి వీలుగా ఉంటుందన్నాడు. ఆ ఫిషర్ దగ్గరే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారు పీహెచ్‌డీ చేశారు కనుక, దూరపు చుట్టరికం ఉన్న చనువుతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మందుకు ఏ ప్రభావమూ లేదనుకుంటే, ఇంత తేడాగానీ ఇంతకు మించిన తేడాగానీ యాదృచ్ఛికంగా కనబడే అవకాశమెంతో చెప్పడమే పి వాల్యూ పని. మందు పనిచేసే అవకాశం 95 శాతమని తమరెన్నడూ సెలవివ్వలేదు. సెలవిచ్చినట్టు మేమే విన్నాము.

పదో తరగతిలో 35 వచ్చినవాడు పాసు, 34 వచ్చినవాడు ఫెయిలు అయినట్టే, 0.049 వచ్చిన మందు జర్నలుకెక్కుతుంది, 0.051 వచ్చినది బీరువాలోకి పోతుంది. గ్రేస్ మార్కులు లేకపోలేదు. గడప దాటని ఫలితాన్ని దాటబోయినట్టు చూపే "ప్రాముఖ్యత వైపు మొగ్గు కనబడుతోంది" అన్న వాక్యం అందుకోసమే పుట్టింది.

అయినా అడగవలసినన్ని సార్లు అడిగితే తమరు కరుణించకపోరు. 2015లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు కేవలం పదిహేను మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు చాక్లెట్ పెట్టి, బరువు, కొలెస్టరాల్, నిద్ర వగైరా పద్దెనిమిది అంశాలు కొలిపించాడు. అన్ని కొలతలు, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, ఒక్కటైనా యాదృచ్ఛికంగా తమ గడప దాటే అవకాశం 60 శాతం దాకా ఉంటుంది. అనుకున్నట్టే బరువు దాటింది. చాక్లెట్ తింటే త్వరగా సన్నబడతారని పత్రికలు నమ్మి అచ్చువేశాయి. ఇది కావాలని పన్నిన ఉచ్చు అని తరువాత ఆయనే బయటపెట్టాడు.

ఇంతకంటే నాకు ప్రీతిపాత్రమైన కథ 1988 నాటిది. ఐసిస్-2 పరిశోధనలో గుండెపోటు వచ్చిన 17,187 మందిని పరీక్షించి, ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని రుజువు చేశారు. రోగులను వర్గాలుగా చీల్చి చూస్తే ఎంత తప్పుదారి పట్టవచ్చో చూపడానికి పరిశోధకులు వారిని జన్మరాశుల వారీగా కూడా విడదీశారు. మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయలేదని తేలింది! అవి పుట్టినతేదీని బట్టి వేసిన పాశ్చాత్య రాశులు. మన పంచాంగం చూసి ఉంటే ఏ రాశివారు బలయ్యేవారో తెలియదు. శాస్త్రానికి శాస్త్రమే జాతకం చెప్పిన ఆ ముచ్చటను ప్రతి ఏడూ తరగతిలో చెబుతాను; పిల్లలు నవ్వుతారు, ఆ వారంలోనే తమ డేటాను వయసు, లింగం, మధుమేహం వారీగా చీల్చుకొని వస్తారు.

2016లో అమెరికా గణాంక సంఘం తమ గడప ఒక్కటే చూసి నిర్ణయాలు తీసుకోవద్దని ప్రకటించింది. 2019లో ఎనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు ఈ పాసు-ఫెయిలు పద్ధతికే స్వస్తి చెప్పమని సంతకాలు చేశారు. తమ సింహాసనం మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే ప్రభావం ఎంత, రోగికి అది ఏమేరకు పనికొస్తుంది, మళ్లీ చేస్తే అదే ఫలితం వస్తుందా అని అడగడానికి ఓపిక కావాలి. తమరిని అడగడానికి కంప్యూటర్లో ఒక్క మీట చాలు.

రేపు ఉదయం ఒక విద్యార్థిని వస్తోంది. ఆమె లెక్క 0.06 దగ్గర ఆగిందట. మరో పదిమంది రోగులను చేర్చి చూడవచ్చా అని నిన్న ఫోనులో అడిగింది. వద్దమ్మా, ఉన్నది ఉన్నట్టే రాయమని చెప్పబోతున్నాను. తమరు అన్యథా భావించవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ గడప ముందు పాతికేళ్లుగా చెప్పులు విడుస్తున్న
ఒక లెక్కల మాస్టారు