మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారికి

మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, చూపులేని విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకపు ప్రకటన నిన్న మధ్యాహ్నం తమరి రూపంలోనే నాకు చేరింది. తెరవగానే, తెర మీది అక్షరాలను నాకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరైన స్క్రీన్ రీడర్ ‘ఖాళీ పేజీ’ అని ఊరుకుంది. రెండో పేజీకి వెళ్ళినా అదే మాట, నాలుగో పేజీకి వెళ్ళినా అదే మాట.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. తమరు పుట్టుకతో మాట రానివారు కారు. ఆఫీసులో ఎవరో తమరిని అక్షరం అక్షరం టైపు చేశారు; అంటే ఒక పూటైనా నాకు గడగడా వినిపించగల స్థితిలో ఉన్నారు. ఆ తరువాత ప్రింటు తీసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర గుద్ది, స్కానర్ మీద కాస్త వంకరగా పడుకోబెట్టి, అన్ని అక్షరాలనూ కలిపి ఒక్క ఫొటోగా మార్చి వెబ్‌సైటులో పెట్టారు. ఫోన్ చేసి వర్డ్ ఫైలు పంపమంటే, ‘ఉందండీ, కానీ దాని మీద సంతకం ఉండదు కదా’ అన్నారు. డిజిటల్ సంతకాన్ని 2000 సంవత్సరపు ఐటీ చట్టమే గుర్తించిందని నేను చెప్పేలోపు పెట్టేశారు. పోనీ ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో పలికించుకుందామంటే వత్తులన్నీ ఊడిపోయాయి. చివరి తేదీ మీదే ముద్ర పడినందువల్ల ఏ నెలలోనూ లేని 80వ తేదీ వినిపించింది.

తమరి దాయాదులూ తక్కువ తినలేదు. ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచి చోటున్నా, పాత ఫాంటులో చేసిన పత్రం నా చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోలే. ఇక క్యాప్చా గారు, నేను మనిషినో కాదో తేల్చడానికి వంకర బొమ్మ చూపిస్తారు.

చివరికి పక్కింటి ఏడో తరగతి అబ్బాయిని బతిమాలి చదివించుకున్నాను. మొదటి వాక్యంలోనే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేరు ఉంది! ఎలక్ట్రానిక్ సమాచారమంతా మాకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని 42వ సెక్షన్‌లో రాసుకున్నది ఆ చట్టమే. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ చట్టం పేరు నెత్తిన పెట్టుకుని, నా ముందుకు వచ్చి ఖాళీ పేజీనని చెప్పుకోవడానికి నీకు సిగ్గు లేదూ?

గడువు 30వ తేదీ సాయంత్రం అయిదు గంటల వరకేనని అబ్బాయి చదివాడు. అంటే నిన్ననే, అప్పటికి అయిదుంపావు.

ఇట్లు,
దరఖాస్తు పెట్టలేకపోయిన అభ్యర్థి