ఈ ప్రశ్నపత్రం ఎవరి సౌకర్యం కోసం?

హైదరాబాద్ జేఎన్‌టీయూ బీటెక్ ఆర్22 (2022 నిబంధనల) ప్రశ్నపత్రాన్ని ఒకసారి కుర్చీనో తలుపునో చూసినట్టు, ఎవరో తయారుచేసిన వస్తువుగా చూద్దాం. 60 మార్కులు, 3 గంటలు. పార్ట్-ఏలో యూనిట్‌కు రెండు చొప్పున పది ఒక మార్కు ప్రశ్నలు. పార్ట్-బీలో యూనిట్‌కొక పది మార్కుల ప్రశ్న, దాని కింద ‘లేదా’ అని ఇంకోటి. పాసవ్వడానికి ఇందులో 21 రావాలి. రెండు యూనిట్లు గట్టిగా చదివినవాడికి 24 మార్కుల దాకా దారి ఉంది. అక్కడక్కడా పోయిన మార్కులు మూడో యూనిట్‌లో నాలుగు ముక్కలు గీకితే పూడతాయి. ‘రెండు యూనిట్లు చాల్రా, గట్టెక్కేస్తాం’ అనే హాస్టల్ కుర్రాణ్ణి సోమరి అనడం తేలిక. పత్రంలో తలుపు ఎక్కడుందో వాడు చూశాడు, అంతే.

డిజైన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది దీన్ని ఎవరు వాడతారని. ప్రశ్నపత్రాన్ని నలుగురు వాడతారు. మూస ఉంది కాబట్టి పేపర్ సెట్టర్‌కు పని సులువు. అనుబంధ కాలేజీలన్నిటికీ ఒకే రోజు ఒకే పేపర్ కాబట్టి ఎగ్జామ్ బ్రాంచికి సులువు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలుగా దిద్దేవారికి కూడా ఊహించదగ్గ జవాబులే సులువు. నాలుగోవాడు విద్యార్థి. వాడి వంతు వచ్చేసరికి డిజైన్ అయిపోయింది.

దీనికి మూలం పాతది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో పుట్టినప్పుడు వాటి పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చేదాకా కోస్తా కాలేజీలు రాసింది మద్రాసు పరీక్షలే. పాఠం చెప్పేవారొకరు, పేపర్ ఇచ్చేవారొకరు, దిద్దేవారు ఇంకొకరు అనే ఏర్పాటు అప్పటిది.

నన్నడిగితే ఈ వ్యవస్థలో అసలైన డిజైనర్లు విద్యార్థులే. జవాబుపత్రం తిరగేసి చూడండి. సైడ్ హెడింగ్‌కు నల్ల పెన్ను, కింద స్కేలుతో గీత, అవసరం ఉన్నా లేకున్నా పెన్సిల్‌తో ఒక బొమ్మ, కొత్త ప్రశ్న కొత్త పేజీలో. గబగబా పేజీలు తిప్పే కన్ను ఎక్కడ ఆగుతుందో వాళ్లకు బాగా తెలుసు.

ఇక ప్రశ్నల సంగతి. క్విక్‌సార్ట్ అంటే జాబితాలో ఒక అంకెను ‘పివట్’గా పట్టుకుని, దానికన్నా చిన్నవి ఒకవైపు, పెద్దవి ఇంకోవైపు పెడుతూ వరసలో పేర్చే పద్ధతి. ‘క్విక్‌సార్ట్‌ను ఉదాహరణతో వివరించండి’ అనే ప్రశ్న ఏ ఆల్ ఇన్ వన్ గైడులోనైనా దొరుకుతుంది. దాన్నే ఇలా అడగొచ్చు: పన్నెండు లైన్ల కోడ్ ఇచ్చి, ‘ఇది మొదటి అంకెనే పివట్‌గా తీసుకుంటోంది. ముందే వరసలో ఉన్న జాబితా ఇస్తే నత్తనడక నడుస్తుంది. ఎందుకు? ఏం మారిస్తే బాగుపడుతుంది?’ బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. అర్థమైనవాడు అరపేజీలో ముగిస్తాడు. దిద్దేవారికీ చదివేది అరపేజీయే. కాకపోతే చదివి తీరాలి, పేజీలు లెక్కపెడితే కుదరదు.

2018 నవంబరులో సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ పరీక్షా సంస్కరణల విధానం విడుదల చేసి, ప్రశ్నలను బ్లూమ్ స్థాయిలకు, అంటే గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం లాంటి ఆలోచనా మెట్లకు ముడిపెట్టమంది. మంచిదే. చాలాచోట్ల జరిగిందల్లా ప్రశ్న పక్కన ‘ఎల్2’, ‘ఎల్4’ అని అచ్చు పడటం. ప్రశ్న మాత్రం పాతదే, దానికి కొత్త స్టిక్కర్ వేశారు!

నా ప్రతిపాదన చిన్నది. పార్ట్-బీలో ఒక్క ప్రశ్నను ఎవరూ ముందు చూడని సమస్యగా ఇవ్వండి, దానికి ‘లేదా’ వద్దు. విద్యార్థి సొంత చేత్తో రాసుకున్న ఏ4 కాగితం ఒకటి హాల్లోకి తెచ్చుకోనివ్వండి. సెమిస్టర్ మొత్తాన్ని ఒక్క కాగితంలోకి కుదించాలంటే ఏది ముఖ్యమో తేల్చుకోక తప్పదు, ఆ తేల్చుకోవడంలోనే సగం చదువు అయిపోతుంది. స్లిప్పుల టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది.

వందల కాలేజీలకు ఒకే పేపర్ ఇచ్చేచోట ఇది కష్టమంటే ఒప్పుకుంటాను. అటానమస్ కాలేజీలకు ఆ ఇబ్బంది లేదు, వాటి పేపర్ అవే తయారుచేసుకుంటాయి. అయినా వాటిలో చాలావాటి పత్రాలు తెరిస్తే కనిపించేది అవే ఐదు యూనిట్లు, అదే ‘లేదా’.