కాలు కడిగి అడుసు తొక్కించే దేశం

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు పెద్దలు. పెద్దలు కాస్త తొందరపడ్డారని నా అభిప్రాయం. ఆ సామెత కట్టినాయన ఒక్కసారి న్యూజిలాండ్ విమానాశ్రయంలో దిగి ఉంటే, ఈ రెండు పనులూ ఏ వరసలో జరగాలో తెలిసొచ్చేది. అక్కడ ముందు కాళ్లు కడుగుతారు. అడుసులోకి తోలడం ఆ తర్వాత.

వాడిన నడక బూట్లు, టెంట్ లాంటివి వెంట తెస్తే ఆ దేశంలో అడుగుపెట్టే ముందే ఫారంలో రాసి తీరాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు వదులుతాయి. పరాయి మట్టిలో పరాయి విత్తనాలు, తెగుళ్లు దాక్కుని వస్తాయని వాళ్ల భయం. న్యాయమైన భయమే. నేను బుద్ధిగా రాశాను. అధికారి నా బూట్లను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి అవి తళతళలాడుతూ తిరిగొచ్చాయి. కొన్ననాడు కూడా అంత శుభ్రంగా లేవు. కాళ్లు కడిగించుకునే యోగం పెళ్లిపీటల మీద ఒక్కసారే అనుకున్న నాకు కళ్లు చెమర్చాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం, అదే దేశపు దక్షిణపు కొసన, అవే బూట్లతో తొడల దాకా దిగబడి, చెట్టు వేరొకటి పట్టుకుని వేలాడుతూ ఉండగా నాకు జ్ఞానోదయమైంది. వీళ్లకు బురదంటే అసహ్యమేమీ లేదు. దిగుమతి బురదంటేనే పడదు. స్వదేశీ పరిశ్రమను కాపాడుకుంటున్నారు.

ఆ పరిశ్రమకు ముఖ్య కేంద్రం రకియురా అనే దీవి. స్టీవర్ట్ ఐలాండ్ అన్నా అదే. న్యూజిలాండ్‌లో మూడో పెద్ద దీవి. ఫోవో జలసంధికి ఇవతల బ్లఫ్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలో అవతల ఓబన్‌లో దింపుతుంది. ఆ గంట ఎంత పొడుగో గడియారానికి తెలియదు, కడుపుకు తెలుసు. దీవి మీద మనుషులు నాలుగు వందల పైచిలుకు. రోడ్లన్నీ కలిపితే ముప్పై కిలోమీటర్లు ఉండవు. దాదాపు 85 శాతం నేల 2002లో ఏర్పడిన జాతీయ పార్కు కిందే ఉంది. అంటే అంత నేలకూ తన ఇష్టం వచ్చినట్టు బురదగా ఉండే హక్కును చట్టమే కట్టబెట్టింది.

1770లో కెప్టెన్ కుక్ ఈ దీవి పక్కనుంచే ఓడలో వెళ్లాడు. దిగలేదు. దూరం నుంచి చూసి, ఇది దీవి కాదు, పై భూభాగానికి తగులుకున్న ద్వీపకల్పం అని పటంలో గీసేశాడు. దిగకుండా అభిప్రాయం చెప్పడం అనే కళకు ఆయన్ను ఆద్యుడిగా గుర్తించాలి. ఇప్పుడు ఫొటోలు చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని రాసేవాళ్లంతా ఆయన శిష్యులే. మోకాళ్లకు మట్టి అంటనంత వరకు ప్రపంచంలో ఏ దీవి అయినా ప్రశాంతంగానే ఉంటుంది.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ఈ దీవి మీద నడిచేవాళ్లకు ప్రభుత్వం ఘోరమైన అన్యాయం చేస్తోంది.

ఇక్కడ పేరున్న దారులు రెండు. మొదటిది రకియురా ట్రాక్. 32 కిలోమీటర్లు, మూడు రోజులు. దేశం మొత్తం మీద ఏరి కూర్చిన 'గ్రేట్ వాక్స్'లో ఇదొకటి. రెండోది నార్త్ వెస్ట్ సర్క్యూట్. 125 కిలోమీటర్లు, తొమ్మిది నుంచి పదకొండు రోజులు, తీరం వెంట ఎక్కుతూ దిగుతూ. మొదటి దారిలో ప్రభుత్వం కంకర పోసింది. బురద ఉన్నచోట చెక్కలు పరిచింది. జారకుండా ఆ చెక్కల మీద ఇనుప వల కూడా కొట్టించింది. రెండో దారిని, అంటే నేను నడిచినదాన్ని, దేవుడికి వదిలేసింది.

ఫలితం చూడండి. హట్‌లో, అంటే నడిచేవాళ్లు తలదాచుకునే బసలో, రాత్రి పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు 125 కిలోమీటర్లవాడు కాలు చాపుతాడు. ఆ కాలు మీద మూడు రకాల మట్టి, పొరలు పొరలుగా, భూగర్భ శాస్త్రం పాఠంలా ఉంటుంది. 32 కిలోమీటర్లవాడు తన శుభ్రమైన కాళ్లను బెంచీ కిందికి లాక్కుంటాడు. ఎవరూ ఏమీ అనరు. అనక్కర్లేదు కూడా. సమాన హక్కులున్న దేశంలో ఇంత బాహాటంగా వర్ణవ్యవస్థ నడుస్తుంటే అడిగే నాథుడు లేడు. పన్ను కట్టే పౌరుడికి ప్రభుత్వం చెక్కలు పరిచి దోచుకున్నది అతని గొప్ప చెప్పుకునే హక్కును.

బురద కొలతల విషయంలోనూ అరాచకమే. పాదం మునిగితే అది 'తడి'. చీలమండ దాకా ఉంటే 'కాస్త మెత్తగా ఉంది'. పిక్కల దాకా వస్తే తప్ప బురద అనే మాట వాడకూడదని హట్‌లో పెద్దమనుషుల ఒప్పందం. అయితే ఈ లోతు రాత్రిపూట పెరుగుతుంది. పగలు పిక్క దాకా ఉన్నది భోజనాల వేళకు మోకాలు దాటుతుంది. దీపం ఆర్పే సమయానికి నడుము దగ్గర ఉంటుంది. ఒకాయన తన బురదను ఛాతీ దాకా తీసుకొచ్చి, శ్రోతల ముఖాలు చూసి, మళ్లీ తొడ దగ్గరకు దింపుకున్నాడు. సముద్రానికి ఆటుపోట్లున్నట్టే బురదకూ ఉన్నాయన్నమాట.

సముద్రం సంగతి వచ్చింది కాబట్టి ఆగి చెప్పుకోవాలి. తీరం వెంట నడిచేవాడు ఆధునికుడననీ హేతువాదిననీ ఎంత చెప్పుకున్నా, మూడు రోజుల్లో పచ్చి పంచాంగం మనిషిగా మారిపోతాడు. ఆటుపోట్ల పట్టికే అతని పంచాంగం. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే నిన్న దాటిన వేళ ఇవాళ పనికిరాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ పోటు మరీ ఎక్కువ. రాహుకాలం అంటే పగలబడి నవ్వే మనిషి, తెల్లవారకముందే లేచి టార్చి వెలుగులో వేలు పెట్టి "తొమ్మిదీ ఇరవై లోపు వాగు దాటాలి, దాటకపోతే మధ్యాహ్నం దాకా మంచి గడియ లేదు" అని గొణుక్కుంటుంటే చూశాను. ఆ మనిషిని నేనే. ముహూర్తం తప్పింది కూడా నేనే. ఒక బండ మీద కూర్చుని నాలుగు గంటలపాటు సముద్రం వెనక్కి తగ్గడం చూశాను. ధ్యానం అంటారు దీన్ని. తడిసిన సాక్సులతో చేసే ధ్యానాన్ని ఏమంటారో నాకు తెలియదు.

వీపు మీది మూట గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. క్లుప్తంగా చెప్తాను. ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని అనుభవజ్ఞులు అంటారు. అందుకని నడక శాస్త్రం బాగా వంటపట్టినవాడు టూత్‌బ్రష్ పిడిని సగానికి కోస్తాడు. టీ సంచుల దారాలు కత్తిరిస్తాడు. అలా మిగుల్చుకున్న పది గ్రాముల స్థానంలో, అన్నీ వదిలేసి వచ్చిన ఈ విరాగి, మూడు పవర్ బ్యాంకులు పెట్టుకుంటాడు. సిగ్నల్ లేని దీవి మీద ఫోన్ చచ్చిపోతే ఎలా, టెన్షన్ కదా!

చోట్ల పేర్ల విషయంలో మాత్రం ఈ దీవిని మెచ్చుకోవాలి. 'ఈస్ట్ రగ్గెడీ' అంటే పేరులోనే గతుకులు. 'బిగ్ హెల్‌ఫైర్' అంటే పెద్ద నరకాగ్ని. ముందే చెప్పారు, తర్వాత ఏడిస్తే మనదే తప్పు. అక్కడి హట్ సముద్రానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఇసుక కొండ నెత్తిన ఉంటుంది. ఇసుకలో రెండడుగులు ఎక్కితే ఒకటిన్నర అడుగు కిందికి జారతాం. ఆ లెక్కన నేను ఎక్కింది 200 మీటర్లు కాదు, 800. ఈ సంఖ్యను రాత్రి పొయ్యి దగ్గర వాడుకున్నాను. 'క్రిస్మస్ విలేజ్' అనే హట్ ఒక్కటే మోసం. అక్కడ ఊరు లేదు. నేను వెళ్లినప్పుడు క్రిస్మస్ కూడా లేదు.

ఇలా ఆరేడు రోజులు దిగబడుతూ లేస్తూ పడమటి తీరాన మేసన్ బే చేరతాం. ఎదురుగా మహా సముద్రం, వెనక ఇసుక తిన్నెలు, మనిషన్నవాడు లేడు. భూమి చివరికి చేరుకున్నానన్న గర్వంతో గుండె ఉప్పొంగుతుంది. సరిగ్గా అప్పుడు ఆకాశంలో గుయ్‌మని చప్పుడు. చిన్న విమానం ఒకటి వచ్చి నేరుగా ఆ ఇసుక మీదే దిగుతుంది. మేసన్ బేలో ఆటు సమయంలో తీరమే రన్‌వే. అందులోంచి తెల్లటి బూట్లు వేసుకున్న నలుగురు దిగి, "ఇక్కడ కివీలు కనిపిస్తాయటగా?" అని మనల్నే అడుగుతారు.

విమానం ఎక్కి రావడం నేరం కాదు. అది నాకూ తెలుసు. కానీ దిగేముందు వాళ్లను కనీసం అరగంట బురదలో నిలబెట్టే నిబంధన ఒకటి ఉండాలి. దేశంలోకి వచ్చేటప్పుడు బూట్లు కడిగే యంత్రాంగం ఉన్నప్పుడు, ఇక్కడ బూట్లు పూసే యంత్రాంగం పెట్టడం ఎంత పని? జింకల వేటకు వచ్చేవాళ్లు ఇంకా నయం. వాళ్లు పెట్టెలకు పెట్టెలు తిండి దింపుకుని హట్‌లో స్థిరపడతారు. పొడి ఓట్స్‌లో వేడినీళ్లు పోసుకుంటున్న మన వైపు జాలిగా చూసి ఓ ముక్క మాంసం వేస్తారు. అభిమానం చంపుకుని తినాలి. నేను రెండుసార్లు చంపుకున్నాను.

ఇంతకీ కివీలు. ఈ దీవిలో మనుషుల కంటే అవే ఎక్కువ. రకియురా రకానికి టొకోయెకా అని పేరు. మిగతాచోట్ల కివీ రాత్రి పక్షి అయితే, ఇక్కడిది పట్టపగలు కూడా తిరగడానికి మొహమాటపడదు. కుటుంబాలుగా బతుకుతుంది. ముక్కుపుటాలు ముక్కు చివర ఉండే పక్షి ఇది. అందుకే నేలలోకి ముక్కు దించి, పురుగు వాసన పట్టి, చీదుకుంటూ నడుస్తుంది. నేను చూసింది సాయంత్రం ఆరింటికి, దారి పక్కన. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది నా వైపు వచ్చింది. నా బూటు దగ్గర ఆగింది. తొమ్మిది రకాల బురద, ఎనిమిది రోజుల చెమట, ఒక పోటు మిస్సైన చరిత్ర ఉన్న ఆ బూటును ఒకసారి వాసన చూసి, గట్టిగా చీది, పక్కకు తప్పుకుని పోయింది.

దాని కాళ్లకు బురద అంటకుండా బూట్ల మీద చుట్టుకునే గైటర్లు లేవు. వీపున మూట లేదు. ఆటుపోట్ల పట్టిక లేదు. ఆ బురదలోనే పుట్టి, ఆ బురదలోనే తిరుగుతూ, ఒక్క కిలోమీటరు లెక్క కూడా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. నాకు చాలా అవమానంగా అనిపించింది. ఆ రాత్రి హట్‌లో కథ చెప్పేటప్పుడు వాసన చూసిన భాగం వదిలేశాను.

చివరి రోజు దారి మళ్లీ రకియురా ట్రాక్‌లో కలుస్తుంది. ఆ చెక్కలు, ఆ కంకర, ఆ ఇనుప వల. నా సిద్ధాంతం ప్రకారం నేను వాటిని బహిష్కరించి, పక్కనున్న బురదలో నడవాల్సింది. ఆ చెక్కల మీద మొదటి అడుగు పడగానే నా నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని ఇక్కడ రాయడం పత్రికా మర్యాద కాదు. అయినా వ్యక్తిగత సౌఖ్యం వేరు, ప్రజా ప్రయోజనం వేరు. చెక్కలు పీకేయాలన్న డిమాండుకు నేను కట్టుబడే ఉన్నాను. నేను దాటిన తర్వాత పీకాలి.

ఓబన్‌లో బూట్లు కడగలేదు. కష్టపడి సంపాదించిన ఆస్తిని ఎవరైనా కడుక్కుంటారా? సంచిలో చుట్టి ఇంటికి తెచ్చాను. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాను. మర్యాదకు రెండు నిమిషాలు చూసి, "కాఫీ ఏమైనా ఇస్తారా?" అన్నారు.

మరుసటి ఏడు మళ్లీ బయల్దేరాను. అదే విమానాశ్రయం, అదే ఫారం. బుద్ధిగా రాశాను. అధికారి సంచి విప్పి, ఎండి పెచ్చులు కట్టిన ఆ బూట్లను చూసి, "ఈ మట్టి ఎక్కడిది?" అన్నాడు.

"మీదేనండీ. నిరుడు తీసుకెళ్లాను. తిరిగి ఇచ్చేద్దామని..."

ఆయన నవ్వలేదు. రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి అవి తళతళలాడుతూ తిరిగొచ్చాయి.