ఓటీపీ దగ్గరే ఆగిపోతున్నారు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యూఆర్ స్కాన్‌తో ఓపీ టోకెన్ ఫోన్‌కే వస్తోంది, పెద్దవాళ్లకు ఇబ్బంది తీరిందని ఒక వ్యాసంలో రాశారు. తీరలేదండీ. ఆ కోడ్ అంటించేది ఆసుపత్రిలోనే. చక్రాల కుర్చీ మనిషైనా అక్కడిదాకా రావాల్సిందే. పైగా ఆ టోకెన్‌కు ఆభా, అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఉండాలి. ఆధార్‌తో అది తీసుకోవాలంటే ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది. ఆ సిమ్ ఏనాడో పోయుంటుంది, లేదా హైదరాబాద్‌లో కొడుకు దగ్గరుంటుంది. ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి. అరిగిన వేళ్లకు ముద్ర పడకపోతే ఐరిస్ (కంటి స్కాన్) తీయమనండి. ఇక చెవులు వినపడనివాళ్లకు ఫోన్ బుకింగ్ అసలు కుదరదు. వాట్సాప్‌లో రాసి పంపితే తీసుకునే ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో దివ్యాంగులకు చికిత్సలో ప్రాధాన్యమివ్వాలని స్పష్టంగా ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)కి వెళ్లినా, విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్లినా సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ జిరాక్స్ దగ్గరుంచుకుని, వరుసలో నిలబడకముందే కౌంటర్‌లో చూపించి అడగండి.