మూడు గంటల్లో బందరు దర్శనం

బందరు, అదే మచిలీపట్నం, చూడ్డానికి ఎంత టైమ్ పడుతుందని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను ఠక్కున చెప్పేస్తా, మూడు గంటలు. అందులో గంటన్నర లడ్డూ షాపు దగ్గర. ఈ లెక్క నాది కాదు, మా పిన్ని కొడుకుది. మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి కారేసుకుని దిగాడు, కర్రకి తగిలించిన ఫోను చేతిలో పట్టుకుని, కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగిన మొదటి మాట, "అన్నయ్యా, ఇంతకీ మీ ఊళ్ళో చూడ్డానికేవుంది?"

ఈ ముక్క నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నా. పెళ్ళికొచ్చిన చుట్టాలు అడుగుతారు, ట్రాన్స్‌ఫర్ మీదొచ్చిన ఉద్యోగులు అడుగుతారు. విజయవాడవాళ్ళు మాత్రం అడగరు, వాళ్ళకి బందరు రోడ్డు ఉంది కదా, ఆ రోడ్డు చివర ఊరొకటి ఉండొచ్చన్న అనుమానం వాళ్ళకి ఇంకా రాలేదు.

సరే, ఇంటికొచ్చినవాడు, చెప్పటం మన ధర్మం. బందరు అంటేనే పారసీలో రేవు నాయనా, గోల్కొండ సుల్తానులకి సముద్రం వైపు వాకిలి ఇదే, ఇక్కడి కలంకారీ గుడ్డలు పర్షియా దాకా వెళ్ళేవి, ఇంగ్లీషువాడు 1611లో వచ్చి ఇక్కడ కొట్టు తెరిచాడు, మద్రాసులో వాడు కాలు పెట్టడానికి అప్పటికింకా 28 ఏళ్ళు టైముంది, వాడికంటే ముందే డచ్చివాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు, నమ్మకపోతే ఆటో ఎక్కి వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని చెప్పి చూడు, ముగ్గురి అడ్రసులూ అలాగే ఉన్నాయి అన్నా. "వలందా అంటే?" హాలెండ్ వాడురా. "ఓ, నైస్" అని ఇంకో లడ్డూ నోట్లో వేసుకున్నాడు.

లడ్డూ మీద నాకు పగేం లేదు. సెనగపిండి పూస వండి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచి నెయ్యితో ఉండ చుడతారు, తొక్కుడు లడ్డూ అని ఊరికే అనలేదు, చేసేవాడి భుజాలు పడిపోతాయి. కానీ నాలుగొందల ఏళ్ళ రేవు మొత్తం కిలో డబ్బాలో పట్టేసిందని వీళ్ళకి ఎవరు చెప్పారో తెలీదు.

తర్వాత మంగినపూడి బీచి. నల్లమట్టి చూసి మొహం మాడ్చుకున్నాడు, గోవాలా లేదంట. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు అది, నీ రీలు కోసం తెల్లబడదు కదా.

ఇక అసలు ఘట్టం బందరు కోట దగ్గర డచ్చి సమాధుల్లో. వీడికి దెయ్యాల రీలు కావాలంట. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోతోంది, వీడేమో గొంతు తగ్గించి "ఫ్రెండ్స్, రాత్రి పన్నెండు దాటాక ఇటువైపు ఎవ్వరూ రారు" అంటున్నాడు. అనగానే వెనక సమాధి మీద నుంచి మేక మే అంది. కట్. మళ్ళీ "ఫ్రెండ్స్, రాత్రి పన్నెండు దాటాక", ఈసారి రెండు మేకలు. కట్. మేకని తోలమన్నాడు, తోలాను, నా డిగ్రీ అందుకే చదివాను కాబట్టి. అది తిరిగొచ్చి ఆ నల్లరాతి పలక మీదే నెమరేస్తూ కూర్చుంది, రెండొందల ఏళ్ళు దాటిన డచ్చి అక్షరాల మీద. ఏడో టేక్‌లోనో ఎనిమిదో టేక్‌లోనో మేకలు కాసే పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి, "బాబూ, పన్నెండు దాటాక నేనే పడుకుంటా ఈడ, దోమలు తప్ప ఇంకేటీ లేవు" అన్నాడు. మొత్తం టూర్‌లో వీడికి ఎదురైన చరిత్రకారుడు ఆయనొక్కడే, ఆయన్ని కూడా ఎడిటింగ్‌లో తీసేశాడు.

అక్కడ నాకు కాస్త మండింది. ఆ పలక పక్కనే ఎవడో మేకుతో గుండె బొమ్మ గీసి, బాణం గుచ్చి, కింద రెండక్షరాలు రాసుకున్నాడు. వీడు దాన్ని కూడా క్లోజప్ తీశాడు, "క్యూట్" అంట.

దెయ్యాలు కావాలా నీకు? 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం లేచి ఊళ్ళోకి వచ్చింది, బందరూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి ముప్ఫై వేలమంది దాకా పోయారు, ఒక్క రాత్రిలో! వాళ్ళలో ఎంతమందికి సమాధి దొరికింది, ఎంతమంది పేర్లు ఏ రాతి మీద చెక్కారు? నువ్వేమో ఎండలో నిలబడి దెయ్యాన్ని కల్పిస్తున్నావు! అసలే ఇసక మేట వేసి నీరసపడ్డ రేవు ఆ దెబ్బకి మళ్ళీ తేరుకోలేదురా, నీకు తెలిస్తే కదా.

తప్పంతా వాడిదే అనలేను. పోర్టు ఏదన్నయ్యా అంటే నేను మాత్రం ఏం చూపిస్తా, శంకుస్థాపనలే చూపించాలి, 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకాయన, 2023లో మూడో ఆయన, ఒకే పోర్టుకి మూడు కొబ్బరికాయలు. మూడోదాని తర్వాత పనులు కదిలాయి, ఒప్పుకుంటా. కానీ ఊరి పేరే రేవు అయ్యుండి రేవు కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఊరు ఇంకోటి ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టొస్తా. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఇక్కడ పెట్టిన ఆంధ్రా బ్యాంకుకి కూడా 2020లో పేరు పోయింది, విలీనం అన్నారు. ఊరు మాత్రం దేన్లోనూ విలీనం కాలేదని నిన్నటిదాకా అనుకునేవాణ్ణి.

నిన్న రాత్రి రీలు పంపాడు. పొగమంచు ఎఫెక్టు, ఆడగొంతు ఏడుపు, సమాధి మీద ఎర్ర అక్షరాలు, అన్నీ కుదిరాయి, మేక చెవి ఒకటి మాత్రం మూలన మిగిలిపోయింది. కింద లొకేషన్ దగ్గర చూశా. విజయవాడ అని పెట్టాడు.