సవరణ: వేడి ఇసుకలో పుట్టేవి ఆడ తాబేళ్లు

మన విశాఖ కమ్యూనిటీ రేడియోలో వచ్చిన ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ల ఇంటర్వ్యూ గురించి పోయిన వారం రాశాను కదా. అందులో 'ఇసుక వేడెక్కితే మగ పిల్లలు ఎక్కువ పుడతాయి' అన్నాను. అది తప్పు. నిజం సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది: వేడి ఇసుకలో ఆడవి, చల్లటి ఇసుకలో మగవి ఎక్కువ. రికార్డింగ్ మళ్లీ వినకుండా గుర్తున్నది రాసేశాను, పొరపాటు నాదే. ఇంటర్వ్యూలో మాట్లాడినావిడ సరిగ్గానే చెప్పారు.

నిన్న రికార్డింగ్ మొత్తం విన్నాను, జువాలజీ చెప్పే ఒక మేడంని కూడా అడిగాను. సముద్ర తాబేళ్లలో ఆడా మగా అన్నది గుడ్డు పెట్టినప్పుడే తేలదు. పొదిగే కాలంలో, ముఖ్యంగా మధ్య రోజుల్లో, గూటిలో ఉన్న వేడిని బట్టి తేలుతుంది. సుమారు 29-30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకు మించి వేడెక్కే కొద్దీ ఆడవే. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లుంటాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. జనవరి చలిలో పెట్టిన గుడ్లకీ, మార్చి ఎండల్లో పెట్టినవాటికీ తేడా ఎంతుంటుందో సాగర్ నగర్ బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నా పాత పోస్టు చదివి 'అయితే గుడ్ల మీద నీడ వద్దు కదా' అని ఒకరు అడిగారు. నీడ వద్దనకండి. వేడి మరీ పెరిగితే గుడ్లే చెడిపోతాయి. పాత పోస్టులో మగ పిల్లల గురించి రాసిన ఆ తప్పు వాక్యం మార్చేశాను. దాన్ని షేర్ చేసినవాళ్లు ఇది కూడా పంపండి.